ఎస్‌వీటీతో పన్నెండేళ్లు: స్వీడన్ ప్రజా టెలివిజన్‌పై నా అనుభవం

నేను గోథెన్‌బర్గ్‌లో కాపురం పెట్టి పన్నెండేళ్లయింది. మొదటి శీతాకాలంలో నాకు స్వీడిష్ నేర్పింది ఎక్కువగా ఎస్‌వీటీయే. తరగతులు వారానికి రెండు రోజులే ఉండేవి. రాత్రి ఏడున్నరకు ఎస్‌వీటీ1లో ‘రపోర్ట్’ వార్తలు మొదలయ్యే వేళకు మాత్రం రోజూ నోటు పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. రిమోట్‌లో టెలిటెక్స్ట్ మీట నొక్కి 199 కొడితే, మాట్లాడే మాటలు స్వీడిష్ అక్షరాల్లో తెర అడుగున వస్తాయి. వినికిడి లోపం ఉన్నవారి కోసం చేసిన ఏర్పాటు అది. వలస వచ్చిన నాకూ అంతే అక్కరకు వచ్చింది. నర్సును స్వీడిష్‌లో ‘హ్వూక్‌హ్వోతెర్‌స్కా’ అంటారు. రాసేటప్పుడు మొదట ఎస్-జె, నడుమ ఎస్-కె ఉంటాయి. రెండు చోట్లా పలికేది మాత్రం ఊదినట్టుండే ఒకే శబ్దం! విన్నదీ కనబడిందీ ఒకే క్షణంలో పక్కపక్కన నిలిచాకే నాకు ఆ ముడి విడింది.

ఇక్కడ టీవీ ప్రసారాలు 1956లో అధికారికంగా మొదలయ్యాయి. రెండో చానల్ 1969లో వచ్చింది. ప్రకటనలు లేని ఆ రెండే చాలాకాలం దేశమంతటికీ టీవీ. డిజిటల్ ప్రసారాలతో చోటు పెరిగాక 1999లో ఎస్‌వీటీ24, 2002లో పిల్లల కోసం బార్న్‌కనాలెన్, 2004లో విద్యా ప్రసార సంస్థతో కలిసి కున్‌స్కాప్స్‌కనాలెన్ వచ్చాయి. 2007 అక్టోబరుకు పాత అనలాగ్ ప్రసారాలు పూర్తిగా ఆగాయి. ఇంటర్నెట్‌లో కార్యక్రమాలు చూసుకునేందుకు 2006లో మొదలైన ఎస్‌వీటీ ప్లే ఇప్పుడు మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువగా నడుస్తుంది.

మా బాబు బార్న్‌కనాలెన్‌లో ‘బోలిబొంపా’ పచ్చ డ్రాగన్‌ను చూస్తూ పెరిగాడు. నడుమ బొమ్మల ప్రకటన ఒక్కటీ రాదు. చిన్న పిల్లలున్న తల్లిదండ్రులకు అది ఎంత నిశ్చింతో చెప్పలేను.

అయితే నా మనసు పూర్తిగా గెలుచుకున్నది 2019లో మొదలైన మూస్ వలస ప్రసారం. మూస్ అంటే గుర్రమంత ఎత్తుండే ఉత్తరాది దుప్పి. వసంతంలో ఓంగెర్మాన్ నది ఒడ్డున కెమెరాలు పెట్టి, వారాల తరబడి రాత్రింబగళ్లు ఆపకుండా చూపిస్తారు. వ్యాఖ్యానం ఉండదు. గంటల కొద్దీ నది, కరుగుతున్న మంచు, పక్షుల కూతలే. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మకు స్వీడిష్ ఒక్క ముక్క రాదు, అయినా ఆ తెర ముందు నుంచి లేచేది కాదు. ఒక తెల్లవారుజామున నన్ను నిద్ర లేపి, “చూడమ్మా, కాలు పెట్టి వెనక్కి తీసింది. నీళ్లు చల్లగా ఉన్నట్టున్నాయి” అంది. పావుగంట తర్వాత అది దిగింది. చెవులు, ముక్కు మాత్రమే పైకి కనబడుతూ అవతలి గట్టుకు చేరేదాకా ఇద్దరం మాట్లాడలేదు. ఇంత ఓపిక చూపించే టీవీని నేను మరెక్కడా చూడలేదు.

ఖర్చు సంగతి. 2018 వరకు టీవీ ఉన్న ప్రతి ఇల్లూ లైసెన్సు కట్టాలి, చివరి ఏడాది అది 2,400 క్రోనర్లు. 2019 నుంచి పన్ను పడే ఆదాయంలో ఒక శాతం, ఒక గరిష్ఠ పరిమితికి లోబడి, ఇంటికి కాకుండా మనిషి లెక్కన పన్నుతో పాటే తీసుకుంటున్నారు. ఇద్దరం ఉద్యోగులం కాబట్టి మా ఇంటికి మొత్తం కాస్త పెరిగింది. ఒంటరిగా ఉండే చిరుద్యోగికి తగ్గింది. నాకు ఇదే న్యాయంగా అనిపిస్తుంది.

ఒక పరిమితి మాత్రం తెలిసి ఉండాలి. విదేశాల్లోని వారి కోసం నడిచిన ఎస్‌వీటీ వరల్డ్ 2017లో మూతపడింది. ప్రసార హక్కుల వల్ల ప్లేలోని చాలా కార్యక్రమాలు స్వీడన్ దాటితే రావు. సెలవులకు ఇండియా వెళ్లేవారు వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

కొత్తగా ఇక్కడికి వచ్చేవారు ఇంగ్లిష్ సీరియళ్లతో మొదలుపెట్టకండి. వాటి కింద వచ్చేది అనువాదం, మీ చెవి ఇంగ్లిష్ వెంటే పోతుంది. వార్తలు, పిల్లల కార్యక్రమాలు పెట్టుకోండి. ప్లేలో అయితే స్వీడిష్ అక్షరాల మీట, టీవీలో అయితే 199.