విల్లు పట్టిన యోనా, రాయి విసిరిన షోకెయ్: ఏది మేలు?

ఇంటర్ పరీక్షలయ్యాక మా అక్క కూతురు నా దగ్గరికి వచ్చి పది రోజులుంది. వచ్చిన రోజు రాత్రే అడిగింది: "పిన్నీ, రాజ్యం పోయిన రాకుమారి యానిమే ఏదైనా ఉంటే చెప్పు. కానీ చివర్లో ఎవడో వచ్చి కాపాడేది మాత్రం వద్దు."

నాకు వెంటనే రెండు జపాన్ యానిమే (బొమ్మల) సిరీస్‌లు గుర్తొచ్చాయి. ఒకటి అకత్సుకి నో యోనా, అంటే వేకువ యోనా. రెండోది జూని కొక్కి, అంటే పన్నెండు రాజ్యాలు. అందులోనూ షోకెయ్ అనే అమ్మాయి కథ. ముందు ఏది చూపించాలన్నది తేలక రెండింటినీ మళ్లీ తిరగేశాను.

ఈ రెండూ ఒక విధంగా అక్కాచెల్లెళ్లే. రెండూ స్టూడియో పియెరో నుంచే వచ్చాయి. రెండింటికీ సంగీతం ర్యో కునిహికోదే. జూని కొక్కి 2002 ఏప్రిల్ నుంచి 2003 ఆగస్టు వరకు జపాన్ టీవీ సంస్థ ఎన్‌హెచ్‌కేలో 45 ఎపిసోడ్లుగా వచ్చింది. దానికి మూలం ఫుయుమి ఓనో నవలలు. యోనా 2014 అక్టోబర్‌లో మొదలై 2015 మార్చిలో 24 ఎపిసోడ్లతో ఆగింది. దానికి మూలం మిజుహో కుసనగి 2009 నుంచి వేసిన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ. జూని కొక్కి మొదలయ్యేటప్పుడు మాటలు లేని సంగీతం ఒక్కటే వినిపిస్తుంది. యోనా మొదటి సగంలోనూ అంతే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి వినండి, ఒకే చెయ్యి అని తెలిసిపోతుంది.

యోనా కథ మొదలయ్యేది జుట్టుతో. కోకా రాజ్యానికి ఒక్కగానొక్క రాకుమారి. తన ఎర్రటి జుట్టు ఎంత దువ్వినా మాట వినదని ఆమె బెంగ. చిన్నప్పటి నుంచి ప్రేమించిన పెదనాన్న కొడుకు సూవోన్ ఆ జుట్టును వేకువ ఆకాశం రంగు అని మెచ్చుకుంటే చాలు, ఆ రోజంతా పండగే. పదహారో పుట్టినరోజు రాత్రి, ఆ సూవోనే తన తండ్రి గుండెల్లో కత్తి దింపడం కళ్లారా చూస్తుంది. కూడా పెరిగిన సేనాని హాక్ ఆమెను కోట దాటిస్తాడు.

తర్వాత కొన్ని ఎపిసోడ్లు ఆమె మాట్లాడదు, తినదు, బొమ్మలా నడుస్తుంది. మా అమ్మాయి ఇక్కడే విసుక్కుంది. "ఈ పిల్ల ఏమీ చెయ్యదా పిన్నీ?" అంది. కాస్త ఓపిక పట్టమన్నాను. ఎందుకంటే ఆ కొండ అంచు సీను రాబోతోంది. హాక్ విషబాణం తగిలి లోయ అంచున వేలాడుతుంటాడు. యోనా అతని వైపు పరుగెత్తబోతే శత్రువు వెనక నుంచి జుట్టు పట్టుకుంటాడు. ఆమె కత్తి అందుకుని, ఆ జుట్టునే కోసేసి ముందుకు ఉరుకుతుంది. శత్రువు చేతిలో మిగిలింది ఎర్రటి జుట్టు ఒక్కటే.

మనం ద్రౌపది కథ వింటూ పెరిగినవాళ్లం కాబట్టి ఆడపిల్ల జుట్టు మీద శత్రువు చెయ్యి పడటమంటే ఏమిటో మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ద్రౌపది ఆ జుట్టును ఆనవాలుగా దాచుకుంది, కృష్ణుడికి చూపించి మరీ గుర్తు చేసింది. యోనా దాన్ని వదిలేసి ముందుకు పోయింది. ఆ సీను అయ్యాక మా అమ్మాయి చాలాసేపు ఏమీ అనలేదు.

ఇక షోకెయ్. ఈమె హో రాజ్యపు రాకుమారి. జూని కొక్కి లోకంలో రాజునూ, అతను కోరిన వాళ్లనూ దేవతల జాబితాలో చేరుస్తారు. చేరితే వయసు పెరగదు. అలా 30 ఏళ్లు పదమూడేళ్ల పిల్లలాగే అంతఃపురంలో పాటలు పాడుకుంటూ గడిపింది. అదే సమయంలో బయట ఆమె తండ్రి చిన్న తప్పుకీ మరణశిక్షే వేస్తున్నాడు. జనం ఓర్వలేకపోయారు. గెక్కెయ్ అనే పెద్ద అధికారి తిరగబడి రాజునూ రాణినీ చంపి, కూతురిని ప్రాణాలతో వదిలాడు. జాబితాలోంచి పేరు కొట్టేసి ఒక పల్లెలోని అనాథల ఇంటికి పంపాడు. అక్కడ ఆమెను చూసుకునే ముసలామె తన కొడుకును ఆ రాజు చట్టాలకే పోగొట్టుకుంది. రాకుమారి ఎవరో ఆమెకు తెలుసు. ఇక ఆ ఇంట్లో రోజులు ఎలా గడిచి ఉంటాయో ఊహించుకోండి.

యోనాను చూస్తే మనకు జాలి. షోకెయ్‌ను చూస్తే మొదట్లో కోపమే. "నాకేం తెలుసు? నాన్న నాకేమీ చెప్పలేదు" అని వాదిస్తూనే ఉంటుంది. తన ఈడు పిల్ల యోకో, ఈ సిరీస్‌కు అసలు నాయిక, వేరే రాజ్యంలో రాణి అయిందని విని, నాది పోయింది దానికి దొరికింది అని అసూయతో రగిలిపోతుంది. తర్వాత పనిమనిషిగా పెట్టుకున్న క్యో రాణి దగ్గర నగలు దొంగిలించి పారిపోతుంది. దారిలో సత్రంలో సోదాకు వచ్చేసరికి ఆ నగను పక్కనున్న రకుషున్ సామానులోకి తోసేస్తుంది. రకుషున్ సగం మనిషి, సగం ఎలుక, యానిమేలో అంత మంచి ప్రాణి ఇంకొకటి నేను చూడలేదు. అతను ఆ అమ్మాయిని తిట్టడు. వెంట తీసుకెళ్లి, నువ్వు తెలుసుకోవాల్సింది, తెలుసుకోలేదు అని నెమ్మదిగా చెబుతాడు.

నా దృష్టిలో ఈ రెండు కథల మధ్య అసలు తేడా ఇక్కడే ఉంది. ఇద్దరూ కోట గోడల లోపల పెరిగిన పిల్లలే, ఇద్దరికీ బయట ఏం జరుగుతోందో తెలియదు. యోనా తన తెలియనితనాన్ని తనంతట తానే గుర్తిస్తుంది. గాలి తెగ ఊరికి నదినీళ్లు ఆపేసినప్పుడు, అవా రేవులో అమ్మాయిల్ని అమ్ముతున్నారని తెలిసినప్పుడు, మెత్తని మనసున్న తన తండ్రి పాలనలో ఇదంతా ఎలా సాగిందని లోపల లోపల కుమిలిపోతుంది. కథ మాత్రం ఆమెను నిలదీయదు, ఓదారుస్తూ తీసుకెళ్తుంది. షోకెయ్‌ను కథే నిలదీస్తుంది, తెలియకపోవడమే నీ తప్పు అని మొహం మీదే చెబుతుంది.

చంపినవాళ్లను కూడా పక్కపక్కన పెట్టి చూడండి. సూవోన్ తన తండ్రిని యోనా తండ్రే చంపాడన్న పగతో వచ్చినవాడు. సింహాసనం ఎక్కాక మాత్రం రాజ్యాన్ని చక్కగా నడుపుతాడు. అందుకే అతన్ని పూర్తిగా ద్వేషించలేం. 22వ ఎపిసోడ్‌లో అవా వీధిలో రాత్రి పూట యోనా, సూవోన్ అనుకోకుండా ఎదురుపడతారు. తన మనుషులు చూడకుండా అతను ఆమెను పై వస్త్రం కింద దాస్తాడు. ఆమె చెయ్యి అతని కత్తి పిడి మీదికి పోతుంది. కత్తి బయటికి రాదు. ఆ కొద్ది క్షణాల్లో ఆమె మొహంలో కోపం, భయం, ఇంకా చావని ప్రేమ అన్నీ కనిపిస్తాయి. సిరీస్ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. గెక్కెయ్‌లో అంత నాటకీయత లేదు, కానీ రాజును చంపినందుకు అతని మనసు అతన్ని కుదురుగా ఉండనివ్వదు.

బలం సంగతికి వద్దాం. యోనా అందరూ పడుకున్నాక రాత్రిళ్లు విల్లు సాధన చేస్తుంది. తండ్రి ఆయుధమంటేనే అసహ్యించుకున్నాడు, కూతురు అదే ఆయుధాన్ని ఏరికోరి పట్టుకుంటుంది. అవాలో ఆడపిల్లల్ని అమ్మే కుంజీ పడవలో తప్పించుకోబోతుంటే ఆమె బాణం అతన్ని పడగొడుతుంది. దాని వెనక ఎన్ని రాత్రుల సాధన ఉందో మనం చూశాం కాబట్టి ఆ బాణం నమ్మేలా ఉంటుంది. అయితే ఒక్కటి ఒప్పుకోవాలి. ఆమె పక్కన ఎప్పుడూ హాక్ ఉన్నాడు, తర్వాత డ్రాగన్ శక్తి ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరారు. ఆమె పడిపోతే పట్టుకునే చేతులు చాలా ఉన్నాయి.

షోకెయ్‌కు విద్యలేవీ రావు, పక్కన ఎవరూ లేరు. యోకో ఏలే రాజ్యంలోనే ఒక ఊళ్లో జనం చూస్తుండగా ఒక మనిషిని కొయ్యకు మేకులు కొట్టి చంపుతున్నారు. అదే తన తండ్రి పాలన. తను అప్పుడు చూడనిది ఇప్పుడు కళ్ల ముందు జరుగుతోంది. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే ఒక రాయి అందుకుని విసిరేస్తుంది. ఆ రాయి వల్ల ఎవరి ప్రాణమూ నిలబడదు, పైగా తన ప్రాణం మీదికే వస్తుంది. అయినా నాకు మాత్రం ఆ రాయి బాణం కంటే బరువుగా అనిపించింది. దెబ్బలు తిని, దొంగతనం చేసి, సిగ్గుపడి, ఆ సిగ్గులోంచి ఒక పిల్ల లేచి నిలబడటం అక్కడే చూశాను.

చూడటానికి ఏది సుఖం అంటే సందేహం లేకుండా యోనా. రంగులు కళ్లకు హాయిగా ఉంటాయి, మధ్యమధ్యలో బుల్లి బొమ్మల హాస్యం ఉంటుంది, యోనా వెంట తిరిగే యూన్ వంట, కిజా ఉక్రోషం చూసి పిల్లలు పడీపడీ నవ్వుతారు. ఏడిపించే సీను పక్కనే ఆ హాస్యం వచ్చేసరికి నాకు ఒకట్రెండు చోట్ల చిరాకేసింది. జూని కొక్కిలో బొమ్మలు పాతబడ్డాయి. రాజును ఎంచుకునే కిరిన్ అనే దివ్య జంతువు, చెట్లకు కాసే పిల్లలు, నోరు తిరగని పదవుల పేర్లు, ఇవన్నీ బుర్రకెక్కడానికి టైమ్ పడుతుంది. పైగా షోకెయ్ కథ మొదలయ్యేది 23వ ఎపిసోడ్ ప్రాంతంలో. అంతకు ముందువి దాటేసి నేరుగా అక్కడికి వెళ్దామంటే కుదరదు, యోకో ఎన్ని కష్టాలు పడి రాణి అయిందో తెలియకపోతే ఈ ముగింపులో ఆమె మాటకు బరువు ఉండదు.

ముగింపు అన్నాను కదా, అదీ ఒక లెక్కే. యోనా యానిమే నాలుగో డ్రాగన్ జెనో చేరీ చేరగానే ఆగిపోతుంది. మిగతాదంతా మాంగా చదువుకోవాల్సిందే, అది 40 సంపుటాలు దాటింది. జూని కొక్కి కూడా మొత్తంగా చూస్తే పూర్తికాలేదు, కానీ షోకెయ్ కథ వరకు పూర్తిగా చెప్పేశారు. యోకో, షోకెయ్, ఇంకో అమ్మాయి సుజు, ముగ్గురూ ఎదుటివాళ్లు ఎవరో తెలియకుండానే ఒకే తిరుగుబాటులో కలుస్తారు. అది గెలిచాక రాణి యోకో ఇచ్చే మొదటి ఆజ్ఞ, నా ముందు ఎవరూ నేలకు తల ఆనించి సాష్టాంగపడక్కర్లేదని. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

యానిమేకు కొత్త అయితే, ఇంట్లో పదిహేను పదహారేళ్ల పిల్లలుంటే, ముందు యోనా. ఒక్కటే చూసే తీరిక ఉంది, రాజ్యం పోయాక మనిషిలో ఏం మారుతుందో నిజంగా చూడాలి అంటే మాత్రం నా ఓటు షోకెయ్‌కే. యోనా మీద నాకున్న ప్రేమ తక్కువేమీ కాదు. అయినా యోనా మంచి పిల్లగానే మొదలై ధైర్యం నేర్చుకుంది. షోకెయ్ మంచితనాన్ని కూడా కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది.

మా అమ్మాయికి ముందు యోనాయే చూపించాను. 22వ ఎపిసోడ్ అయ్యాక, "ఆ కత్తి లాగేసి ఉండాల్సింది పిన్నీ" అని కోపంగా లేచి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చింది. ఇప్పుడు వాళ్లింటికి వెళ్లాక రెండోది తనే చూస్తోంది. నిన్న ఫోన్ చేస్తే ఆరో ఎపిసోడ్ అంది. షోకెయ్ రావడానికి ఇంకా పదిహేడు ఉన్నాయి.