ఈ-గోదాము రసీదు: కాటా దగ్గరే తేలిపోయే లెక్క

పంట యార్డుకు పోటెత్తిన నెలలో ధర పడుతుంది, ఆపై కొన్నాళ్లు ఆగగలిగినవాడికి చాలా ఏళ్లలో కాస్త మెరుగైన ధర దక్కుతుంది. ఆగాలంటే రెండు కావాలి. సరుకు చెడకుండా ఉంచే చోటు ఒకటి, ఈలోగా ఇల్లు గడవడానికీ పాత బాకీ తీర్చడానికీ వచ్చే పంటకు పెట్టడానికీ డబ్బు ఇంకొకటి. ఈ రెంటినీ ఒకే రసీదుతో కలిపిన సేవ ఎలక్ట్రానిక్ నెగోషియబుల్ (చేతులు మారగల) వేర్‌హౌస్ రసీదు. సరుకు గోదాములో పెడితే ఈ రసీదు ఇస్తారు, దాన్ని తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు తీసుకోవచ్చు. బ్యాంకుల్లో, గోదాముల్లో ఈఎన్‌డబ్ల్యూఆర్ అంటారు. ఇక్కడ ఈ-రసీదు అనుకుందాం.

మా తీర్పు ముందే చెబుతున్నాం. సరుకు బాగా ఎండి, శుభ్రంగా ఉండి, కనీసం ఒక లారీ లోడు ఉండి, అందుబాటు దూరంలో రిజిస్టరైన గోదాము ఉంటే, కమీషన్ వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకోవడం కన్నా ఇది ఎన్నో రెట్లు మేలు. తేమ దిగని సరుకుకు, ఇరవై ముప్పై బస్తాలకు మాత్రం దీని జోలికి పోకపోవడమే మంచిది. రవాణా, హమాలీ, నాణ్యత పరీక్ష ఖర్చులే లాభాన్ని తినేస్తాయి.

దీని వెనకున్న చట్టం 2007 నాటిది, అమల్లోకి వచ్చింది 2010 అక్టోబరులో. గోదాములను రిజిస్టర్ చేసి, తనిఖీ చేసే సంస్థ డబ్ల్యూడీఆర్‌ఏ కూడా అప్పుడే ఏర్పడింది. మొదట్లో రసీదు కాగితం మీదే ఉండేది. కాగితంతో వచ్చే చిక్కు బ్యాంకులకు బాగా తెలుసు: ఒకే సరుకు మీద రెండు రసీదులు పుట్టొచ్చు, రసీదు ఉండి సరుకు లేకపోవచ్చు. 2013లో సరుకుల ఎలక్ట్రానిక్ మార్కెట్ అయిన నేషనల్ స్పాట్ ఎక్స్ఛేంజ్‌లో సుమారు 5,600 కోట్ల రూపాయల చెల్లింపులు నిలిచిపోయినప్పుడు, గోదాముల్లో ఉండాల్సిన సరుకు లేదని బయటపడింది. ఆ దెబ్బకు గోదాము కాగితం అంటేనే అప్పిచ్చేవాళ్లు వెనకాడారు. 2017 సెప్టెంబరులో ఎలక్ట్రానిక్ రసీదు వచ్చింది, 2019 ఆగస్టు నుంచి కొత్త రసీదులన్నీ ఆ రూపంలోనే ఇస్తున్నారు. షేర్లకు డీమ్యాట్ ఖాతా ఎలాగో, సరుకుకు ఇది అలాగ. ఖాతాలు నడిపే రిపాజిటరీలు రెండు: ఎన్‌ఈఆర్‌ఎల్, సీసీఆర్‌ఎల్. ఒక రసీదు మీద బ్యాంకు తాకట్టు నమోదు చేసిందంటే ఆ రసీదు అక్కడికి బిగిసిపోతుంది. రెండో బ్యాంకుకు చూపించడానికీ, ఇంకొకరికి బదిలీ చేయడానికీ వీలుండదు. ఈ సేవలో మాకు అన్నిటికన్నా నచ్చిన గుణం ఇదే.

గోదాముల రంగం ఇంత వేగంగా పెరుగుతోంది కదా, మరి ఊరి దగ్గర ఒక్క రిజిస్టరైన గోదామూ ఎందుకు కనబడదు అని చాలామంది అడుగుతారు. పెరుగుదల రెండు దారుల్లో సాగుతోంది. 2017 జులైలో జీఎస్టీ రాగానే కంపెనీలకు రాష్ట్రానికో చిన్న గోదాము పెట్టుకునే అవసరం తగ్గింది, హైదరాబాద్ చుట్టూ మేడ్చల్, శంషాబాద్ వైపు పెద్ద పెద్ద షెడ్లు లేచాయి. పది పన్నెండు మీటర్ల ఎత్తు, ర్యాకులు, ఫోర్క్‌లిఫ్టులు ఉండే ఆ షెడ్లు ఆన్‌లైన్ అమ్మకాల కోసం, కంపెనీ సరుకు కోసం కట్టినవి. ధాన్యం గోదాము వేరే జాతి. దానికి ఎత్తు కన్నా గాలి వెలుతురు, లారీ మట్టానికి లేపిన పునాది, ఎలుకలు ఎక్కని గోడ, నీరు పైకి లాగని నేల ముఖ్యం. ఇవి కట్టేవాళ్లకు 2020లో వచ్చిన వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద 2 కోట్ల వరకు రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ, ఏడేళ్ల పాటు దొరుకుతోంది. కట్టడం అయితే పెరిగింది. కట్టిన ప్రతివాడూ రిజిస్ట్రేషన్‌కు వెళ్లడు, ఎందుకంటే మొత్తం గోదామును ప్రభుత్వ సంస్థకో మిల్లుకో ఏడాదికి అద్దెకిస్తే తలనొప్పి లేకుండా డబ్బొస్తుంది. రిజిస్ట్రేషన్ కోసం గోదాము యజమాని కట్టే సెక్యూరిటీ డిపాజిట్‌ను సరుకు విలువలో 3 శాతం నుంచి 1 శాతానికి తగ్గిస్తున్నట్లు 2024 మార్చిలో కేంద్రం ప్రకటించింది ఈ వెనకడుగును సరిచేయడానికే. అందుకే ముందు కేంద్ర, రాష్ట్ర గిడ్డంగుల సంస్థల గోదాములను వాకబు చేయండి, ఆ తర్వాతే ప్రైవేటు.

గోదాము ఎంపికలో బోర్డు మీది రిజిస్ట్రేషన్ నంబరు చూసి సరిపెట్టుకోవద్దు. ఆ రిజిస్ట్రేషన్ ఏ తేదీ వరకు చెల్లుతుందో, మీ సరుకు అక్కడ పెట్టుకోదగ్గ జాబితాలో ఉందో లేదో డబ్ల్యూడీఆర్‌ఏ వెబ్‌సైటులో చూసుకోవాలి. ఆ తర్వాత లోపలికి నడవండి. బస్తాలు నేల మీద నేరుగా ఉన్నాయా, చెక్క పలకల మీదా? నెట్టుకూ (పేర్చిన బస్తాల దొంతరకూ) గోడకూ మధ్య మనిషి నడిచేంత సందు ఉందా? సందు లేకపోతే గోడ చెమ్మ బస్తాలకు ఎక్కుతుంది, పురుగు మందు కొట్టేవాడు వెనక్కి వెళ్లలేడు, బస్తాలు లెక్కపెట్టడానికీ కుదరదు. కప్పు రేకుల్లోంచి పగటి వెలుగు చుక్కలు కనిపిస్తే వానాకాలంలో అవే చోట్ల నీటి చుక్కలు. వేబ్రిడ్జి ముద్ర ఏడాది లోపుదో కాదో అడగడానికి మొహమాటపడొద్దు, తూనికలు కొలతల శాఖ ముద్ర లేని కాటా మీద తూచిన బరువుతో మొదలైన రసీదు చివరిదాకా ఇబ్బందే.

ఇక అసలు సంగతి, తేమ. రసీదు మీద చిరాకుపడేవాళ్లలో ఎక్కువమంది నిజానికి తేమ దగ్గర దెబ్బతిన్నవాళ్లు. మద్దతు ధర కొనుగోలులో వడ్లకు 17 శాతం, మొక్కజొన్నకు 14 శాతం తేమ వరకు ఒప్పుకుంటారు. అది కొనడానికి పెట్టిన హద్దు. నెలల తరబడి నిల్వకు వడ్లు 13-14కు, మొక్కజొన్న 12 దగ్గరకు దిగాలి. 17 శాతం తేమతో ఉన్న 100 క్వింటాళ్ల వడ్లు 13కు ఎండితే మిగిలేది 95.4 క్వింటాళ్లు. ఎవరూ దొంగిలించకుండానే నాలుగున్నర క్వింటాళ్లు పోయినట్టు కనిపిస్తుంది. లెక్క తేలిక: గింజలోని పొడి భాగం మారదు కాబట్టి, 100ను 83తో హెచ్చించి 87తో భాగించాలి. ఈ తరుగు గోదాములో జరిగితే తగాదా, కళ్లంలో జరిగితే మీకు ముందే తెలిసిన బరువు. ఎండబెట్టి తేవడమే మేలు.

తేమ మీటరును కూడా గుడ్డిగా నమ్మొద్దు. చాలా మీటర్లలో ఏ పంటకు ఆ పంట సెట్టింగు మార్చాలి. వడ్ల సెట్టింగులో మొక్కజొన్న పెడితే అంకె తప్పు వస్తుంది. ఎండలోంచి అప్పుడే ఎత్తిన వేడి గింజ కూడా తప్పు చూపిస్తుంది, కాసేపు నీడన చల్లారనివ్వాలి. ఒకే గింజల నమూనాను మూడుసార్లు పెట్టి చూడమనండి. అరశాతం కన్నా ఎక్కువ తేడా వస్తుంటే మీటరు సరిచేయాల్సిందే.

నమూనా తీయడంలో రెండో మోసపు సందు ఉంది. గొట్టం గుచ్చి గింజలు తీసేటప్పుడు లారీ పైవరస బస్తాలతో సరిపెడితే అటు గోదాముకో ఇటు మీకో నష్టం తప్పదు. పైవరస ఎండకు ఎండి ఉంటుంది, అడుగు వరసలో చెమ్మ ఉంటుంది. దించుతున్న క్రమంలో పై, మధ్య, అడుగు వరసల నుంచి తీసి, అన్నీ కలిపి, ఆ కలగలుపులోంచి పరీక్షకు పంపాలి. అందులోంచే ఒక పొట్లం సీలు వేయించి, ఇరువురి సంతకాలతో మీ దగ్గర ఉంచుకోండి. విడిపించే రోజున నాణ్యత తగ్గిందని తేలితే మాట్లాడటానికి మీ చేతిలో ఉండే గట్టి ఆధారం అదే.

రసీదు ఖాతాలో పడగానే చదవాల్సినవి: సరుకు పేరు, గ్రేడు, బరువు, బస్తాల సంఖ్య, ఆనాటి మార్కెట్ విలువ, నిల్వ చార్జీలు, బీమా వివరాలు, రసీదు గడువు. ఖాతా తెరవడానికి ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ చూపాలి, గోదాము వాళ్లే సాయం చేస్తారు. ఫోను నంబరు మాత్రం మీదే ఇవ్వండి. గుమాస్తా నంబరు ఇస్తే కబుర్లన్నీ అతనికే పోతాయి. నెగోషియబుల్ అన్న మాట ఉందో లేదో కూడా చూడండి. నాన్-నెగోషియబుల్ రసీదు చేతులు మారదు.

డబ్బు లెక్క ఒకసారి వేసి చూద్దాం. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలే, మీ గోదాము రేట్లు వేసుకోండి. 100 క్వింటాళ్ల మొక్కజొన్న, క్వింటా 2,000. విలువ 2 లక్షలు. బ్యాంకు అందులో మూడు వంతులు, అంటే 1.5 లక్షలు ఇచ్చిందనుకుందాం. కిసాన్ క్రెడిట్ కార్డున్న చిన్న, సన్నకారు రైతుకు రిజిస్టరైన గోదాము రసీదు మీద ఆరు నెలల దాకా 7 శాతం రాయితీ వడ్డీ వర్తిస్తుంది. నాలుగు నెలలకు 3,500. యాభై కిలోల బస్తాలు 200, బస్తాకు నెలకు 8 చొప్పున 6,400. దింపుడు, ఎత్తుడు, పరీక్ష కలిపి 3,000. మొత్తం 12,900. తరుగు ఒక క్వింటా పోతే అమ్మేది 99 క్వింటాళ్లు. అంటే క్వింటా 2,150 పలికితే మీకు లాభమూ లేదు నష్టమూ లేదు. ఆ పైన వచ్చేదే మిగులు. నాలుగు నెలల్లో 150 పెరిగే సరుకా కాదా అన్నది మీ యార్డులో గత నాలుగైదేళ్ల ధరలు చూస్తే తెలుస్తుంది. అది చూడకుండా దాచొద్దు.

వడ్డీ లెక్కకు రాని ప్రమాదం ధర పడిపోవడం. సరుకు విలువ తగ్గితే బ్యాంకు తన మార్జిన్ (సరుకు విలువకూ అప్పుకూ మధ్య ఉండాల్సిన తేడా) నింపమంటుంది, నింపలేకపోతే నోటీసిచ్చి అమ్ముతుంది. అందుకే ఇవ్వగలిగినంతా తీసుకోకుండా 60 శాతం దగ్గర ఆగితే నిద్ర పడుతుంది. చిన్న మొత్తాలకు కాగితాలు చూడటమే దండగ అనుకునే బ్రాంచీలు ఇంకా ఉన్నాయి. 2024 డిసెంబరులో ఈ-రసీదు రుణాలకు 1,000 కోట్లతో కేంద్రం పెట్టిన పరపతి హామీ పథకం గురించి మేనేజరు దగ్గర పేరు పెట్టి అడిగితే సంభాషణ ముందుకు కదులుతుంది.

నిల్వలో ఉన్న నెలల్లో కనీసం నెలకోసారి వెళ్లి చూడాలి. నేల, గోడలు, బస్తాల పైభాగం మీద మలాథియాన్ నీళ్లలో ఒకటికి వంద పాళ్లు కలిపి పదిహేను రోజులకోసారి, లేదా డెల్టామెత్రిన్ మూడు నెలలకోసారి కొట్టిన తేదీలు రిజిస్టరులో ఉండాలి. బస్తాల అంచున పిండి రాలుతుంటే ముక్కు పురుగో పెంకు పురుగో లోపల చేరింది. అప్పుడు పొగబెట్టాలి: నెట్టు మీద గాలి చొరని కవరు కప్పి, అంచుల మీద ఇసుక గొట్టాలు పరిచి, శిక్షణ పొందినవాళ్లు టన్నుకు మూడు లెక్కన అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెడతారు. కవరు కనీసం ఐదు నుంచి ఏడు రోజులు కదపకూడదు. తొందరపడి రెండో రోజు తీసేస్తే తిరిగే పురుగు చస్తుంది గానీ గుడ్లూ ప్యూపాలూ బతికిపోతాయి, కొన్ని వారాలకు మళ్లీ అదే కథ. ఆ బిళ్లల నుంచి వచ్చే వాయువు మనుషులకూ ప్రాణాంతకం. పని జరుగుతున్నప్పుడు దగ్గరకు వెళ్లొద్దు.

గుంటూరు మిర్చి రైతులకు ఇదంతా పాత సంగతిలాగే అనిపించవచ్చు. కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు (మిర్చి బస్తాలు) పెట్టి, బాండు తీసుకుని, దాని మీద అప్పు తెచ్చుకోవడం అక్కడ ఎప్పటి నుంచో ఉంది. ఆ బాండుకూ ఈ-రసీదుకూ తేడా నాణ్యత దగ్గర వస్తుంది. మామూలు బాండు మీద టిక్కీల సంఖ్య, బరువు ఉంటాయి, రంగు, తేమ, తాలు శాతం సాధారణంగా ఉండవు. కాబట్టి కొనేవాడు శాంపిల్ చూడకుండా ధర కట్టడు. ఈ-రసీదులో గ్రేడు రాసి ఉంటుంది గనుక దూరపు కొనుగోలుదారుకు సరుకు కదలకుండానే రసీదు బదిలీ చేయవచ్చు. కానీ బాండులో ఉన్న సౌలభ్యం, అంటే అదే రోజు, తెలిసిన మనిషి చేతి మీదుగా డబ్బు అందడం, ఈ-రసీదుకు ఇంకా అబ్బలేదు. ఏ బాండైనా ఏ రసీదైనా ఒక్కటి మాత్రం తప్పక అడగండి: అగ్నిప్రమాదం జరిగితే బీమా నేటి ధరకా, పెట్టిన రోజు ధరకా?

రసీదు గడువు తేదీని క్యాలెండరు మీద రాసుకోండి. అది సరుకు నిల్వ ఉండే కాలాన్ని బట్టి పెడతారు, దాటకముందే మళ్లీ పరీక్ష చేయించి పొడిగించుకోవాలి. దాటిపోతే గోదాము యజమాని నోటీసిచ్చి వేలం వేసే హక్కు పొందుతాడు.

విడిపించేటప్పుడు వరస తప్పొద్దు. ముందు బ్యాంకు బాకీ కట్టి, తాకట్టు ఎత్తేసినట్టు ఖాతాలో కనబడేదాకా ఆగండి. అది సెలవు రోజుల్లో జరగదు, కాబట్టి కొనేవాడి లారీని శుక్రవారం సాయంత్రానికి మాట్లాడుకోకండి. డెలివరీ కోరికను ఖాతా నుంచే పెట్టాలి, సగం సరుకు ఇప్పుడు, సగం తర్వాత అన్నా కుదురుతుంది. లారీని ఖాళీగా ఒకసారి, నిండాక ఒకసారి తూయించి, రెండు చీటీలూ మీరే ఉంచుకోండి. తేమ మళ్లీ కొలవండి. బరువు తగ్గి తేమ కూడా తగ్గి ఉంటే అది ఎండిన తరుగు. బరువు తగ్గి తేమ అలాగే ఉంటే లారీ గేటు దాటకముందే బస్తాలు లెక్కపెట్టించండి.