ద్వారకానగర్ కాపీరైట్ క్లాస్: వీడియోలు చేసేవాళ్లు, పాఠాలు చెప్పేవాళ్లు వెళ్లాల్సిందే

వైజాగ్‌లో సినిమా రివ్యూలు, వ్లాగ్‌లు, పెళ్లి వీడియోలు చేసేవాళ్లకు కొదవ లేదు. కానీ వేరేవాళ్ల పాటనో క్లిప్‌నో పర్మిషన్ లేకుండా ఎప్పుడు వాడుకోవచ్చు, ఎప్పుడు కుదరదు అన్నది తెలుగులో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు మాత్రం దొరకరు. అందుకే ద్వారకానగర్‌లో ఆదివారాలు పెడుతున్న ఈ ఒక్కరోజు క్లాస్ గురించి కాస్త వివరంగా రాస్తున్నాను. నాకు చాలా నచ్చింది. లోపాలు కూడా ఉన్నాయి, అవీ చెప్తాను.

పాఠం చెప్పేది ఒక లాయర్ మేడమ్. మొదటి అరగంటలోనే అందరి బుర్రల్లో ఉన్న పాత నమ్మకాలన్నీ దులిపేశారు. ముప్పై సెకన్ల లోపు వాడితే తప్పు లేదనీ, కింద క్రెడిట్ ఇస్తే చాలనీ, డబ్బులు రానప్పుడు ఎవరూ ఏమీ అనరనీ అందరం అనుకుంటాం కదా, ఇవేవీ మన 1957 కాపీరైట్ చట్టంలో లేవు. అందులో ఉన్నది సెక్షన్ 52. సొంత వాడకానికి లేదా పరిశోధనకు, విమర్శకు లేదా సమీక్షకు, వర్తమాన వార్తలు చెప్పడానికి న్యాయంగా వాడుకుంటే అది ఉల్లంఘన కాదని అక్కడ రాసి ఉంది. యూట్యూబ్‌లో అందరూ అనే ఫెయిర్ యూజ్ అమెరికా చట్టంలోది. అక్కడ కోర్టు నాలుగు అంశాలు చూసి ఏ రకం వాడకాన్నైనా తూకం వేస్తుంది, మన దగ్గర ముందు చట్టం చెప్పిన అవసరాల్లో ఏదో ఒక దానికిందకి మన పని రావాలి, ఆ తర్వాతే అది న్యాయమైన వాడకమా కాదా అన్న ప్రశ్న. ఈ తేడా తెలియకుండా అమెరికా వీడియోలు చూసి ఇక్కడ ధైర్యం చేసేవాళ్లు చాలామంది, వాళ్లకి ఈ ఒక్క ముక్క కోసమైనా ఈ క్లాస్ అవసరం.

అన్నిటికంటే నాకు బాగా పనికొచ్చింది మధ్యాహ్నం చేయించిన ఎక్సర్‌సైజ్. ఒకే సినిమా మీద రెండు రివ్యూలు వేశారు. మొదటిదాంట్లో ఫైట్ సీన్ మొదటి నుంచి చివరి దాకా నడుస్తూనే ఉంటుంది, రివ్యూ చేసే అబ్బాయి మధ్యలో రెండుసార్లు "సూపర్ ఉంది ఫ్రెండ్స్" అంటాడు, అంతే. రెండోదాంట్లో అదే ఫైట్ లోంచి చిన్న ముక్క తీసుకుని, ఆపి, కెమెరా ఎక్కడ పెట్టారు, దెబ్బ తగిలినప్పుడు కట్ ఎక్కడ పడింది అని ఒక అమ్మాయి విడమరిచి చెప్తుంది. మేడమ్ వీడియో ఆపి ఒకటే అడిగారు: "క్లిప్ తీసేస్తే మాటలు నిలబడతాయా? మాటలు తీసేస్తే జనం ఇంకా క్లిప్ కోసమే చూస్తారా?" చట్టంలో ఈ వాక్యం లేదనీ, తాను పరీక్షించుకునే పద్ధతి ఇదనీ కూడా చెప్పారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. తర్వాత మా వీడియోల మీద కూడా ఇదే చేయించారు, హాల్లో గట్టి వాదనే జరిగింది.

కాలేజీ లెక్చరర్ ఒకాయన, పుస్తకాల్లోంచి అధ్యాయాలు జిరాక్స్ తీయించి పిల్లలకు ఇవ్వొచ్చా అని అడిగారు. ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో రోజూ జరిగే పనే ఇది. దానికి జవాబుగా ఢిల్లీ యూనివర్సిటీ కేసు చెప్పారు. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణకర్తలు అక్కడి రామేశ్వరి ఫొటోకాపీ షాపు మీద, యూనివర్సిటీ మీద కేసు వేశారు. 2016లో ఢిల్లీ హైకోర్టు, బోధనలో భాగంగా అవసరమైన మేరకు కాపీలు తీసుకోవచ్చంది. పేజీల లెక్క పెట్టలేదు, బోధనకి ఎంత అవసరం అన్నదే కొలత. కానీ మొత్తం పుస్తకాలు కాపీ కొట్టడం సరైనదేనా అన్నది విచారణకు వదిలిన ప్రశ్న, తర్వాత ప్రచురణకర్తలు కేసే ఉపసంహరించుకున్నారు. కాబట్టి గైడ్లకు గైడ్లు బైండ్ చేసి అమ్మే షాపులు ఈ తీర్పుని అడ్డం పెట్టుకోవడానికి లేదు. ఈ భాగం ఎంతసేపు చెప్పినా వినాలనిపించింది.

మిగతావి త్వరగా అయిపోయాయి. బీచ్ రోడ్డు విగ్రహాలను ఫొటో తీసి వాడుకోవచ్చు, బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాలకు మినహాయింపు ఉంది. పెళ్లి ఊరేగింపులో పాట పెట్టుకోవడానికీ మినహాయింపు ఉంది, కానీ అదే పాటని పెళ్లి వీడియో మీద వేసి యూట్యూబ్‌లో పెట్టడం వేరే సంగతి. మా బ్యాచ్‌లో ఉన్న వీడియోగ్రాఫర్లకు ఇది మింగుడు పడలేదు. శ్రీశ్రీ మన ఊళ్లో పుట్టినవారే, 1983లో పోయారు, రచయిత పోయాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది కాబట్టి 2043 చివరి దాకా ఆయన పుస్తకం మొత్తం చదివి ఆడియో పెట్టాలంటే అనుమతి కావాల్సిందే. విమర్శ రాస్తూ నాలుగు పంక్తులు ఉదహరించడానికి అడ్డు లేదు. గురజాడ 1915లోనే పోయారు, ఆయన రాసింది అందరిదీ, కానీ కొత్త ఎడిషన్‌లో వేరేవాళ్లు రాసిన ముందుమాట అలా కాదు.

ఇక లోపాలు. యూట్యూబ్ భాగం చివర్లో పెట్టి హడావిడిగా ముగించారు. క్లెయిమ్ (వీడియోలోని పాటో క్లిప్పో తమదని హక్కుదారు చెప్పుకోవడం) వేరు, స్ట్రైక్ (కాపీరైట్ ఫిర్యాదుతో వీడియో తీసేసి ఛానెల్‌కి వేసే హెచ్చరిక) వేరు, 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెల్ పోయే ప్రమాదం ఉంది, ఆడియోని పట్టుకునే మెషీన్‌కి సెక్షన్ 52 తెలియదు అని చెప్పారు, అంతవరకూ బాగుంది. కానీ మన వాడకం న్యాయమే అనుకున్నప్పుడు డిస్ప్యూట్ (ఆ క్లెయిమ్ సరికాదని యూట్యూబ్‌లో పెట్టే అభ్యంతరం) ఎలా రాయాలి, ఏం రాస్తే ఎదురు తగులుతుంది అన్నది ఒక నమూనా చూపించి చెప్పాలి కదా. వచ్చినవాళ్లలో సగం మంది అసలు టెన్షనే అది, వాళ్లు ఫోన్లలో మెయిల్స్ తెరిచి పట్టుకుని వరుసలో నిలబడ్డారు, టైమ్ అయిపోయిందని పంపించేశారు. అది నాకు బాధనిపించింది. ప్రొజెక్టర్ మీద అక్షరాలు వెనక వరుసకి ఆనవు. తెలుగులో ఇచ్చిన సెక్షన్ 52 కాగితం మాత్రం బంగారం, నేను ఎడిటింగ్ టేబుల్ ముందు అంటించుకున్నాను.

నిర్వాహకులు ఇది చదివితే, యూట్యూబ్‌కి విడిగా ఒక పూట పెట్టండి, ఫీజు పెంచినా వస్తాం. వెళ్లేవాళ్లు ముందు వరుసలో కూర్చోండి, మీ వీడియో ఒకటి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి, మధ్యాహ్నం వాదనకి అదే పెట్టమని అడగండి.