ములుగు బాటల్లో పాత జిప్సీ: పదేళ్లు దాటిన వాడకం తర్వాత నా సమీక్ష

నా దగ్గర ఉన్నది 2006 మోడల్ మారుతి జిప్సీ కింగ్, గుడ్డ టాపు బండి. నంబరు ప్లేటు మీద ఇప్పటికీ ఉమ్మడి వరంగల్ జిల్లా కోడ్ ఏపీ 36 ఉంది. మొదటి యజమాని దగ్గర కొని పదేళ్లు దాటింది. మా ఇల్లు హనుమకొండలో, వ్యవసాయం గోవిందరావుపేట వైపు. అందువల్ల ఈ బండి చాలా దూరం 163వ నంబరు జాతీయ రహదారి మీద, చివరి కొద్ది కిలోమీటర్లు రేగడి నేలలోని బండ్ల బాట మీద నడుస్తుంది. ఆ చివరి కొద్ది కిలోమీటర్ల కోసమే దీన్ని ఉంచుకున్నాను. నిత్యం తారు రోడ్డు మీదే తిరిగేవారికి పాత ఫోర్ వీల్ డ్రైవ్ వల్ల ఖర్చు, నడుము నొప్పి తప్ప ఒరిగేది లేదు. బురద, వాగు, గట్టు నిజంగా దాటవలసిన వారికి మాత్రం ఈ ధరలో దీనికి సాటి వచ్చే బండి నాకు కనిపించలేదు.

జిప్సీ మన దేశంలో 1985లో 970 సీసీ ఇంజిన్‌తో వచ్చింది. తర్వాత వచ్చిన కింగ్‌లో 1298 సీసీ పెట్రోలు ఇంజిన్, 2000 నుంచి 16 వాల్వులతో, సుమారు 80 హార్స్ పవర్ శక్తితో ఉంది. నిచ్చెన చట్రం, ముందూ వెనకా దృఢమైన ఆక్సిల్, నాలుగు మూలలా కమాన్ పట్టీలు, టన్నుకు కాస్త తక్కువ బరువు దీని నిర్మాణం. ఆ తక్కువ బరువే దీని అసలు బలమని వానాకాలంలో తెలుస్తుంది. మృగశిర దాటి మంచి వానలు పడ్డాక మా బాటలో ట్రాక్టర్ చక్రాలు లోతైన గాడులు పెడతాయి. ఆ గాడుల మధ్య మెత్తని రేగడి టైరు పళ్లను నింపేసి నున్నగా చేస్తుంది. బరువైన బండ్లు అక్కడ ఇరుసు దాకా దిగబడతాయి. జిప్సీని మాత్రం బాట మొదట్లోనే ఆపి, టైర్లలో గాలి 18 పాయింట్ల దాకా తగ్గించి, ఫోర్ లో (నాలుగు చక్రాలకూ తక్కువ వేగంతో ఎక్కువ లాగుడు ఇచ్చే గేరు) వేసి, రెండో గేరులో ఆక్సిలరేటర్ కదపకుండా ఒకే వేగంతో పోనిస్తే ఎరువు బస్తాలతో సహా పొలం చేరుతుంది. మధ్యలో ఆగకూడదు, చక్రాలు గిర్రున తిరగనివ్వకూడదు. తారు రోడ్డు ఎక్కగానే గాలి మళ్లీ నింపుకోవాలి.

ఇది ఎప్పుడూ నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే బండి కాదు. ముందు చక్రాల నడిమి హబ్‌లను కిందికి దిగి చేత్తో లాక్ వైపు తిప్పాలి, ఆ తర్వాత గేరు పక్కనున్న రెండో లివర్ వేయాలి. మధ్యలో డిఫరెన్షియల్ (వేగాల తేడాను సర్దే గేర్ల పెట్టె) లేనందువల్ల ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో మలుపు తిప్పితే ముందు, వెనక ఇరుసులు వేర్వేరు వేగాలతో తిరగాలని గుంజుకుంటాయి. ఆ ఒత్తిడంతా గేర్ల మీద, షాఫ్టుల క్రాస్‌ల (షాఫ్టు కొసల్లోని కీళ్ల) మీద పడుతుంది. పాత బండిలో ఈ భాగాలు తొందరగా పోయాయంటే చాలాసార్లు కారణం ఇదే. హబ్‌లు వాడకుండా వదిలేసినా బిగుసుకుపోతాయి. అందుకే ఎండాకాలంలో కూడా నెలకోసారి మట్టి బాటలో కాసేపు ఫోర్ వీల్‌లో నడుపుతాను.

మరమ్మతుల్లో ఎక్కువ శ్రద్ధ కోరేది ముందు ఆక్సిల్. చక్రం తిరిగే చోట గుండ్రని ఇనుప గోళం, దాని చుట్టూ పెద్ద సీల్, లోపల గ్రీజు ఉంటాయి. ఒక వానాకాలం తర్వాత ఎడమ చక్రం లోపలి వైపు నల్లని తడి కనిపించింది. సీల్ కిట్ తెప్పిద్దామని నేను అంటే మా ఉస్తాద్ ఒప్పుకోలేదు. "సార్, ముందుగాల బ్రీదర్ చూద్దాం, సీల్ సంగతి తర్వాత మాట్లాడుదాం" అని ఆక్సిల్ మీది చిన్న టోపీలాంటి మూతను విప్పి చూపించారు. అది ఎండిన బురదతో పూర్తిగా మూసుకుపోయి ఉంది. బండి నడిచి ఆక్సిల్ వేడెక్కినప్పుడు లోపలి గాలి ఆ రంధ్రం గుండా బయటికి పోవాలి. దారి మూసుకుపోతే అది గేర్ ఆయిల్‌ను సీల్ మీదికి తోస్తుంది. లోపలి సీల్ దాటిన ఆయిల్ గోళంలోని గ్రీజును పలచన చేసి బయటికి కారుతుంది. బ్రీదర్ శుభ్రం చేయకుండా సీల్ ఒక్కటే మార్చి ఉంటే కొత్త సీల్ కూడా అదే దారి పట్టేది. వేడెక్కిన ఆక్సిల్‌తో వాగులో దిగినప్పుడు దీనికి వ్యతిరేకమైన ప్రమాదం ఉంది: లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి ముడుచుకుని నీళ్లను లోపలికి లాగుతుంది. డ్రెయిన్ బోల్టు కాస్త వదులు చేస్తే వచ్చే ఆయిల్ పాలు పోసిన చాయ్ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే, ఇక ఆలస్యం చేయకుండా మొత్తం మార్చాలి. నేను ఇప్పుడు ముందు, వెనక ఆక్సిళ్ల రెండు బ్రీదర్లకూ రబ్బరు గొట్టం తొడిగించి, కొసను ఎత్తులో కట్టించాను. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసిన పని ఈ బండికి మరొకటి చేయించలేదు.

అరవై వేగం దగ్గర స్టీరింగ్ గడగడా ఊగడం పాత జిప్సీలన్నిటికీ తెలిసిన వ్యాధే. చాలామంది వెంటనే స్టీరింగ్ డ్యాంపర్ మారుస్తారు. అది ఊపును అణచిపెడుతుంది గాని కారణాన్ని తొలగించదు. మొదట ముందు చక్రాల బ్యాలెన్సింగ్, తర్వాత టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్ కడ్డీ కొసల కీళ్లు), ఆ తర్వాత కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే ఇరుసు) బేరింగుల వదులు చూడాలి. కింగ్ పిన్ కింద పలచని రేకులు ఉంటాయి. వాటిని సరిచేసి బేరింగు బిగువు కుదర్చడం చేయి తిరిగిన మెకానిక్ చేయవలసిన పని. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే గేర్ల పెట్టె) గేర్‌బాక్సుకు అతికి ఉండదు, విడిగా రబ్బరు మౌంట్ల మీద వేలాడుతుంది. ఆ రబ్బర్లు ఎండి చీలితే లివర్ వణుకుతుంది, కేబిన్‌లో హోరు పెరుగుతుంది. గేర్‌బాక్స్ పోయిందని భయపెట్టేవారు ఉంటారు. రబ్బర్లు చూసే దాకా విప్పనివ్వవద్దు. కమాన్ పట్టీల బుష్‌లు, షాఫ్టుల క్రాస్‌లకు గ్రీజు కొట్టించడం మామూలు పనులే.

సామాన్యులకు 2019 తర్వాత కొత్త జిప్సీ దొరకడం లేదు. అయినా సైన్యం, పోలీసు, అటవీ శాఖలు దశాబ్దాలుగా వాడినందువల్ల విడిభాగాలకు కరువు రాలేదు. మామూలు సామాను వరంగల్‌లోనే దొరుకుతుంది, లేనివి హైదరాబాద్ నుంచో ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచో పార్సిల్‌లో వస్తాయి. బ్రేకు, స్టీరింగ్, బేరింగు సామానులో మాత్రం చవక రకం ముట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చాక పాత రబ్బరు ఇంధన గొట్టాలన్నీ మార్పించాను.

అసలు శత్రువు తుప్పు. ఇంజిన్, గేర్లు ఎన్నిసార్లయినా విప్పి బాగు చేయవచ్చు, ఫ్లోర్ తినేసిన తర్వాత టింకరింగ్ ఖర్చుకు అంతు ఉండదు. గుడ్డ టాపు అంచుల నుంచి కారిన నీరు మ్యాట్ కింద వారాల తరబడి నిలుస్తుంది. వాన తడిసిన ప్రతిసారీ మ్యాట్లు ఎత్తి ఆరబెట్టి, ఫ్లోర్‌లోని రబ్బరు బిరడాలు తీసి నీరు వదలాలి.

సుఖం గురించి దాచవలసింది లేదు. ఖాళీగా ఉన్నప్పుడు కమాన్ పట్టీలు ప్రతి గుంతనూ వీపుకు తెలియజేస్తాయి, మే నెలలో 44 డిగ్రీల ఎండలో ఏసీ లేని గుడ్డ టాపు కింద ములుగు దాకా పోవడం కష్టమే, వెనక అడ్డ బల్లల మీద మా అమ్మ కూర్చోలేదు. మైలేజీ లీటరుకు పది కిలోమీటర్ల లోపే, ట్యాంకు నలభై లీటర్లే. 2023లో వచ్చిన మారుతి జిమ్నీలో కమాన్ పట్టీలకు బదులు కాయిల్ స్ప్రింగులు ఉన్నాయి. ఇంటిల్లిపాదికీ ఒకే బండి కావాలంటే అదే నయం.

మరో మాట తప్పక చెప్పాలి. 2023 జూలైలో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా వాన పడింది, మోరంచవాగు మోరంచపల్లి ఊరినే ముంచింది. ఫోర్ వీల్ ఉందన్న ధైర్యంతో పారే నీటిలోకి ఎవరూ దిగకూడదు. బురదలో ఈ బండిని గట్టెక్కించే తక్కువ బరువే ప్రవాహంలో దీన్ని తేల్చి పక్కకు నెడుతుంది. నిలకడ నీరు, అడుగు తెలిసిన చోటు, సగం చక్రం లోతు దాటనంత వరకే దీని హద్దు.

కొనదలచినవారు బండిని పొద్దున, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడాలి. మ్యాట్లు ఎత్తించి ఫ్లోర్‌ను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, మట్టి నేల మీద ఫోర్ లో వేయించి నడిపించండి. ప్రైవేటు బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో 15 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ రుసుము 5,000 రూపాయలకు పెరిగింది, హరిత పన్ను వేరే. ఆ తనిఖీలో ఛాసిస్ మీద కొట్టిన నంబరును కాగితాలతో సరిపోలుస్తారు. కాబట్టి బయానా ఇచ్చే ముందే బురద, తుప్పు గీకించి, ఆ అంకెలన్నీ స్పష్టంగా చదవగలుగుతున్నారో లేదో చూసుకోండి.