అండమాన్ ప్రయాణం: టికెట్టు కొన్నాక విమాన సంస్థే మూతపడితే?

అండమాన్‌కు వెళ్ళడానికి మనకున్న దారులు రెండే. ఒకటి విమానం, రెండోది విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతాల నుంచి బయలుదేరే ఓడ. ఓడ ప్రయాణానికి రెండు మూడు రోజులు పడుతుంది, అది ఏ తేదీన కదులుతుందో చాలా ముందుగా తెలియదు కాబట్టి, పరిమితమైన సెలవుతో బయలుదేరే కుటుంబాలన్నీ విమానాన్నే నమ్ముకుంటాయి. అందువల్ల ఈ యాత్రలో హావెలాక్ దీవికి వెళ్ళే ఫెర్రీ, రిసార్టు గది, స్కూబా రుసుము, కారు అద్దె వంటి ఖర్చులన్నీ విమాన టికెట్టు మీదే ఆధారపడి ఉంటాయి. ఆ ఒక్కటీ చెల్లకుండా పోతే మిగతావన్నీ దానితోపాటే పోతాయి. వృద్ధులైన అత్తయ్య, మామయ్యలతో హైదరాబాదు నుంచి బయలుదేరిన మేము, ఎక్కడ ఏం చూడాలన్నదానికంటే ముందు ఈ డబ్బును ఎలా కాపాడుకోవాలన్నదే కూర్చుని మాట్లాడుకున్నాం.

ఈ జాగ్రత్త అతి అనిపించవచ్చు గానీ, మన దేశంలో పెద్ద విమాన సంస్థలు మూతపడటం అరుదేమీ కాదు. కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో ఆగిపోయింది. జెట్ ఎయిర్‌వేస్ చివరి విమానం 2019 ఏప్రిల్ 17న ఎగిరింది. పోర్ట్‌బ్లెయిర్‌కూ సర్వీసులు నడిపిన గో ఫస్ట్ సంస్థ 2023 మే 2న, అంటే సరిగ్గా వేసవి సెలవుల నడుమ, తనంతట తానే దివాలా పిటిషన్ వేసి, మరుసటి రోజు నుంచి విమానాలు నిలిపివేసింది. ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్లు అందక విమానాల్లో సగం నేలకే పరిమితమయ్యాయని అది చెప్పిన కారణం. నెలల ముందే టికెట్లు కొన్నవారికి ఆ కారణంతో పని లేదు, వారికి కావలసింది డబ్బు.

ఆ డబ్బు ఎక్కడ చిక్కుకుంటుందో తెలుసుకుంటేనే మన జాగ్రత్తకు అర్థం ఉంటుంది. విమానం రద్దయినప్పుడు క్రెడిట్ కార్డుతో కొన్న టికెట్టు సొమ్మును 7 రోజుల్లో తిరిగి ఇవ్వాలన్న డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధన, నడుస్తున్న సంస్థ విషయంలో చక్కగా పనికొస్తుంది. కానీ కంపెనీల వ్యవహారాలు విచారించే ట్రైబ్యునల్ దివాలా పిటిషన్‌ను స్వీకరించిన క్షణం నుంచి దివాలా చట్టంలోని 14వ సెక్షన్ కింద మారటోరియం, అంటే సంస్థ మీద వసూళ్ళకూ దావాలకూ తాత్కాలిక నిలుపుదల, మొదలవుతుంది. అప్పటి నుంచి ప్రయాణికుడు కూడా ఒక రుణదాతే. దివాలా ప్రక్రియను నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్ వద్ద క్లెయిము దాఖలు చేసి తన వంతు కోసం ఎదురుచూడాలి. సంస్థ లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే దశకు, వెళ్ళిందంటే 53వ సెక్షన్ చెప్పిన వరుసలో ప్రక్రియ ఖర్చులు, కార్మికుల బకాయిలు, తనఖా ఉన్న బ్యాంకులు, ఉద్యోగుల జీతాలు, ప్రభుత్వ బకాయిలు అన్నీ ముందుంటాయి. టికెట్టు కొన్నవారు ‘మిగిలిన అప్పులు’ అన్న చివరి మెట్ల మీద ఉంటారు. జెట్ ఎయిర్‌వేస్ లిక్విడేషన్‌కు సుప్రీంకోర్టు 2024 నవంబరు 7న ఆదేశించింది, గో ఫస్ట్ విషయంలో ట్రైబ్యునల్ ఆదేశం 2025 జనవరి 20న వచ్చింది. పిల్లల వేసవి సెలవుల కోసం దాచుకున్న డబ్బు ఇన్నేళ్ళు ఒక వరుసలో నిలబడి ఉండటం నాకు అన్యాయంగానే తోస్తుంది.

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళకు ఈ భయం కొంత తక్కువ. అక్కడ విమానమూ బసా కలిపి అమ్మే ప్యాకేజీలకు అటోల్ అనే రక్షణ ఉంది. ప్రతి ప్రయాణికుడి పేరున సంస్థ రెండున్నర పౌండ్లు ఒక నిధికి కట్టాలి. 2019 సెప్టెంబరు 23న అక్కడి థామస్ కుక్ కుప్పకూలినప్పుడు విదేశాల్లో ఉన్న సుమారు లక్షన్నర మందిని ప్రత్యేక విమానాల్లో తిరిగి తీసుకొచ్చారు. (మన దేశంలోని థామస్ కుక్ వేరే యాజమాన్యంలోని వేరే సంస్థ, దానికి ఆ పతనంతో సంబంధం లేదు.) అయితే విమాన సంస్థ వద్ద నేరుగా కొన్న విడి టికెట్టుకు అటోల్ సాధారణంగా వర్తించదు. దానికి వారు 1974 నాటి వినియోగదారుల రుణ చట్టంలోని 75వ సెక్షన్‌ను ఆశ్రయిస్తారు. దాని ప్రకారం, ధర 100 పౌండ్లు దాటి 30,000 పౌండ్ల లోపు ఉండి, క్రెడిట్ కార్డుతో కొన్న వస్తువు, సేవల విషయంలో బ్యాంకు కూడా అమ్మకందారుతో సమానంగా బాధ్యత వహించాలి. మనకు అటువంటి నిధీ లేదు, అటువంటి సెక్షనూ లేదు.

మనకున్న బలమైన ఆసరా వీసా, మాస్టర్‌కార్డు వంటి కార్డు నెట్‌వర్కుల ఛార్జ్‌బ్యాక్ ఒక్కటే. డబ్బు తీసుకుని సేవ అందించకపోతే మన బ్యాంకు ఆ మొత్తాన్ని అమ్మకందారు బ్యాంకు నుంచి వెనక్కి అడుగుతుంది, అమ్మకందారు దివాలా తీసినా ఆ భారం అతని బ్యాంకు మీదే పడుతుంది. వ్యవహారం రెండు బ్యాంకుల మధ్యది కనుకనే దివాలా వరుసలో నిలబడకుండా బయటపడే అవకాశం ఇందులో ఉంది. గడువు సాధారణంగా ప్రయాణ తేదీ నుంచి 120 రోజులు. ఖాతా నుంచి నేరుగా యూపీఐలో కడితే ఈ నియమాలు వర్తించవు. అందుకే తగ్గింపు ఆశ చూపినా యూపీఐ వద్దనుకుని క్రెడిట్ కార్డుతోనే కట్టాం, పైగా స్టేట్‌మెంటులో విమాన సంస్థ పేరే పడేలా దాని సొంత సైటులోనే కొన్నాం. వెళ్ళేటప్పుడు ఒక సంస్థ, వచ్చేటప్పుడు మరో సంస్థ అయ్యేలా విడివిడిగా తీసుకోవడం వల్ల ధర కొంచెం పెరిగింది, ఆ తేడా మాకు భారం అనిపించలేదు. రద్దయిన టికెట్టుకు నగదు బదులు ఇచ్చే క్రెడిట్ షెల్‌ను మాత్రం ఎవరూ దాచుకోకూడదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే సంస్థ పోయిన రోజున దాని విలువా పోతుంది. ప్రయాణ బీమా విషయంలో మేము చదివిన పాలసీలు విమానం ఆలస్యానికీ, సామాను పోవడానికీ స్పష్టంగా హామీ ఇచ్చాయి గానీ, సంస్థ దివాలా తీస్తే ఇస్తామన్న మాట వాటిలో లేదు. కొనేముందు ఆ పదం కోసమే పాలసీ పత్రం వెతకాలి.

ఇదే దృష్టితో బసలను కూడా తూచాం. పోర్ట్‌బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీవిజయపురం) అబర్డీన్ బజారుకు దగ్గరలో ఒక హోమ్‌స్టేలో దిగాం. యజమానురాలి పూర్వీకులు శ్రీకాకుళం నుంచి వచ్చినవారు. అక్కడి బజారులో తెలుగు వినిపించడం మామూలే. విమానం రద్దయితే అడ్వాన్సు సంగతేమిటని అడిగితే, ఆమె గీతలు గీసిన పొడుగాటి రిజిస్టరు తీసి, పాత తేదీ కొట్టేసి కొత్త తేదీ వేసిన పేర్లు చూపించారు. “డబ్బు ఎక్కడికీ పోదమ్మా, ఎప్పుడొస్తే అప్పుడు ఆ గది మీదే” అన్నారు. గదులు చిన్నవి, వేడినీటికి కాస్త ఆగాలి, అయినా తెల్లవారే వేడి ఇడ్లీ, పప్పుచారు దొరికేసరికి మామయ్యకు ఇంట్లో ఉన్నట్టే ఉంది. హావెలాక్‌లో మాత్రం ఒక రిసార్టు మొత్తం సొమ్ము ముందే కడితే బాగా తగ్గిస్తామంది, కానీ అది తిరిగిరాదు. మేము వేరే చోట అక్కడికి వెళ్ళాక చెల్లించే గదిని ఎక్కువ ధరకు తీసుకున్నాం. సముద్రం పక్కన కాకపోయినా, పోక చెట్ల మధ్య శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంది.

ఫెర్రీల్లో ప్రైవేటువి గంటన్నరలో హావెలాక్ చేరుస్తాయి, ఏసీ ఉంటుంది, రద్దు చేస్తే ఎన్ని గంటల ముందన్నదాన్ని బట్టి కోత పడుతుంది. ప్రభుత్వ ఓడ చవక, సమయం ఎక్కువ, పెద్దవారికి మెట్లు కష్టం. రాధానగర్ తీరం సాయంత్రం ఎంత పేరు విన్నామో అంత బాగుంది. మెత్తటి తెల్లని ఇసుక మీద అత్తయ్య చెప్పులు చేతపట్టుకుని చాలా దూరం నడిచారు. నీల్ దీవిలో సహజ శిలాతోరణాన్ని నీరు తగ్గినప్పుడే చూడగలం, జారే రాళ్ళ మీద పెద్దవాళ్ళను తీసుకెళ్ళకపోవడమే మంచిది. సెల్యులార్ జైలుకు మాత్రం ఒక పూట పూర్తిగా కేటాయించాలి.

సంస్థ ఆర్థిక స్థితి దిగజారుతోందనడానికి కొన్ని గుర్తులు ముందే బయటపడతాయి. జీతాలు ఆలస్యం కావడం, అద్దె కట్టక విమానాలు నేల మీద ఆగిపోవడం, చమురు సంస్థలు అరువు ఆపి నగదు అడగడం వంటివి కింగ్‌ఫిషర్, జెట్‌ల విషయంలో పత్రికల్లో వచ్చాక చాలాకాలానికి గానీ అవి మూతపడలేదు. అటువంటి వార్తలున్న సంస్థలో నెలల తర్వాతి తేదీకి టికెట్టు ఎంత చవకగా వచ్చినా మేము కొనం. వచ్చేసారి లక్షద్వీప్ అనుకుంటున్నాం. కొచ్చి నుంచి అగట్టికి విమానాలు నడిపే సంస్థలు బహు కొద్ది, వాటిలో ఒకటి ఆగితే ఆ రోజుకు మరో సీటు దొరకడం కష్టం. కనుక అక్కడికి పర్మిట్టు చేతికి వచ్చాకే టికెట్టు కొని, బసకు పావు వంతుకు మించి ముందుగా ఇవ్వకూడదని ఇప్పటికే నిర్ణయించుకున్నాం.