పాత సైకిల్ జట్టు మారాలంటే ఏ దారి మేలు?

జులై వచ్చిందంటే విజయనగరంలో మా నలుగురైదుగురికి ఫ్రాన్స్‌లో మూడు వారాలు సాగే సైకిల్ పందెం టూర్ డి ఫ్రాన్సే లోకం. రాత్రి తొమ్మిదికి ఆ రోజు పందెం (స్టేజీ) ముగిశాక వాదన మొదలవుతుంది. ఏళ్ల నాటి జట్టు ఈ కాలానికి తగ్గట్టు మారాలంటే తనంతట తానే నెమ్మదిగా మారాలా, డబ్బున్న కొత్తవాళ్ల చేతికి వెళ్లాలా, లేక దెబ్బతిని మొదటి నుంచి కట్టుకోవాలా?

మొదటి దారి మొవిస్టార్‌ది. 1980లో రేనాల్డ్స్ పేరుతో పుట్టిన స్పెయిన్ జట్టు. స్పాన్సరు మారినప్పుడల్లా జట్టు పేరూ మారుతుంది. బనెస్టోగా ఉన్న రోజుల్లో మిగెల్ ఇందురైన్ 1991 నుంచి వరుసగా ఐదు టూర్లు గెలిచాడు. యూసేబియో ఉన్సూయే దశాబ్దాలుగా దాన్ని నడిపిస్తున్నారు. ఆ నిలకడను నేను తక్కువ చేయను. 2018లో మహిళల జట్టు పెట్టారు, 2022 మహిళల టూర్ కూడా గెలిచారు. కానీ అదే ఏడాది పురుషుల జట్టు మొదటి శ్రేణి నుంచి జారిపోతుందేమోనని టెన్షన్ పడింది. 1985 నుంచి ఉన్న బెల్జియం జట్టు లొట్టో నిజంగానే జారింది.

ఎందుకిలా? మన నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో బరువులెత్తే పిల్లల్ని చూస్తే నాకు అర్థమవుతుంది. ముందుతరం ఎత్తింది, వెనకతరానికి నేర్పింది. ఊరి బలమే అది. అయితే గురువుగారి పద్ధతి పాతబడిందని శిష్యుడు చెప్పగలడా? సైకిల్ జట్లలోనూ నిన్నటి రైడరే నేటి డైరెక్టర్. దానికి తోడు టికెట్ల ఆదాయం లేదు, టీవీ హక్కుల డబ్బులో వాటా రాదు. స్పాన్సరు ఒక్కడే దిక్కు, ఆ ఒప్పందమూ కొన్నేళ్లదే. ఫలితం రావడానికి మూడేళ్లు పట్టే పనికి ఖర్చు పెట్టడం కంటే పేరున్న రైడర్ని కొనడమే క్షేమమనిపిస్తుంది.

రెండోది ఇటలీ జట్టు లాంప్రే దారి. 2017లో యూఏఈ జట్టయింది. ఇప్పుడు డబ్బుకు కొదవలేదు. అయినా మొదటి రెండేళ్లు పెద్దగా మెరవలేదు. 2019లో స్లొవేనియా కుర్ర రైడర్ పొగాచర్ వచ్చాకే కథ మారింది. ఇలాంటి యజమానీ, ఇలాంటి కుర్రాడూ ఎన్ని జట్లకు దొరుకుతారు?

నా ఓటు మూడో దారికి. 2012లో అమెరికా రైడర్ ఆర్మ్‌స్ట్రాంగ్ డోపింగ్ నివేదిక బయటపడగానే డచ్ బ్యాంకు రబోబ్యాంక్ తన పేరున్న జట్టుకు స్పాన్సర్‌గా తప్పుకుంది. 2013లో ఆ జట్టు బ్లాంకో పేరుతో, తన పేరిచ్చే స్పాన్సరు లేకుండా రోడ్డెక్కింది. ఆ తర్వాత రిచర్డ్ ప్లూగ్ నాయకత్వంలో ఒక్కొక్కటీ మార్చుకుంటూ వచ్చారు. ఎవరు ఏ పూట ఎంత తినాలో చెప్పే యాప్, ఎత్తయిన కొండల మీద శిబిరాలు, గాలి నిరోధాన్ని కొలిచే పరీక్షలు, రైడర్లందరికీ జట్టు కోచ్‌లే. నాకు అన్నిటికన్నా నచ్చింది, రైడర్ ఇంటి దగ్గర చేసే శిక్షణ కూడా జట్టు బాధ్యతే అనుకోవడం. పాత జట్లు చాలావరకు దాన్ని రైడర్ సొంత గొడవగా వదిలేశాయి. 2023లో ఇటలీ పందెం జిరో, ఫ్రాన్స్ టూర్, స్పెయిన్ వుయెల్టా మూడూ అప్పటికి జంబో-విస్మా పేరున్న ఆ జట్టే గెలిచింది, అదీ ముగ్గురు వేర్వేరు రైడర్లతో.

స్పాన్సరు పోయేదాకా ఆగాలని నేను అనడం లేదు. ఆ నష్టంలో రైడర్లు, మెకానిక్కుల జీతాలూ పోతాయి. డైరెక్టర్ కుర్చీని సైకిల్ తొక్కని నిపుణుడికీ ఇవ్వడం, కోచ్‌లను జట్టులోనే పెట్టుకోవడం, ఈ రెండూ స్పాన్సరు ఉండగానే చేయవచ్చు. మొవిస్టార్ ముందు వీటితో మొదలుపెట్టాలి, రైడర్లను కొనడం తర్వాత.