మొదటి పెద్ద నమూనా: జంబోనా, డకోటానా?

రిమోట్ విమానాలు ఎగరేయడం ఇప్పుడే మొదలుపెట్టినవారిని అన్నిటికంటే ఊరించేది బోయింగ్ 747, అంటే జంబో జెట్. నాలుగు ఇంజిన్లు, మూపురం లాంటి పైఅంతస్తు! తొలి రకం రెక్కల నిడివి దాదాపు 60 మీటర్లు; ముప్పయ్యో వంతుకు కుదిస్తే 2 మీటర్లు. 1935లో తొలిసారి ఎగిరిన డగ్లస్ డీసీ-3, అంటే మన డకోటా, 29 మీటర్లు. పదిహేనో వంతుకు కుదిస్తే నమూనా ఇంచుమించు అంతే అవుతుంది.

నిడివి ఒకటే, స్వభావాలు వేరు. నిండు బరువుతో 747 రెక్క చదరపు మీటరుకు సుమారు 650 కిలోలు మోస్తుంది; డకోటా రెక్క 125. నమూనాలోనూ జెట్ ఇంజిన్లకు బదులు పెట్టే నాలుగు కరెంటు ఫ్యాన్లు, వాటిని పోషించే బ్యాటరీలు బరువు పెంచేస్తాయి, దిగే వేగమూ పెరుగుతుంది. వెనక్కి వాలిన రెక్కలు వేగం తగ్గితే కొసల దగ్గర లిఫ్ట్ (పైకెత్తే బలం) కోల్పోయి ఒక పక్కకు ఒరిగిపోతాయి. చిన్న ఫ్యాన్లు పుంజుకోవడానికి ఒక క్షణం పడుతుంది. నేలకు పది అడుగుల ఎత్తున ఆ క్షణం చేతిలో ఉండదు.

డకోటా ప్రొపెల్లర్లు రెక్కల మీదికి గాలి తోస్తాయి కనుక థ్రాటిల్ (ఇంజిన్ జోరు పెంచే మీట) పెంచగానే ఊపు అందుతుంది. అలాగని అది సాధుజీవి కాదు; తోకచక్రం నేల మీద బాగా సతాయిస్తుంది.

నా ఓటు డకోటాకే, అదీ పైరెక్క ఫోమ్ ట్రైనర్, అంటే రెక్క పైభాగాన ఉండే, నేర్చుకోవడానికి వాడే తేలికపాటి ఫోమ్ విమానం, చేతికి అలవాటయ్యాక. జంబో మీద మోజు తీరకపోతే రెండు ఫ్యాన్లే పెట్టి, మిగతా రెండు ఇంజిన్లను ఉత్త డొల్లలుగా వదిలేయండి.